ఏ పేటలో దిగమంటారు?

✝
గురజాల,
1946 అక్టోబరు 8

ప్రభువునందు ప్రియమైన మీకు, కృపామణి వందనములు.

మార్తమ్మ చెయ్యి సంగతి ముందు రాస్తాను, మిగతావన్నీ తర్వాత. మొన్న బడికి సెలవు పెట్టి దాన్ని గుంటూరు తీసుకుపోయి డాక్టరమ్మగారికి చూపించాను. ఆ రోజు కాలే పెనం మీద చెయ్యి ఆనించి, భయంతో గుప్పిట బిగించిన పిల్ల, పుండు మానిన తర్వాత కూడా ఆ గుప్పిట విప్పలేకపోయింది కదా. మూడు వేళ్ళూ అరచేతికి అతుక్కునే ఉన్నాయి. ఏడో ఏడు వచ్చింది, ఇంకా కుడిచేత్తో బలపం పట్టలేదు. ఊళ్ళో పిల్లలందరికీ అక్షరాలు దిద్దించే పంతులమ్మను, నా కూతురి చెయ్యి పట్టుకుని దిద్దించలేకపోతున్నాను.

డాక్టరమ్మగారు చాలాసేపు చూశారు. ఎదిగే పిల్ల, ఇంకో ఏడాది ఆగితే ఎముకలు కూడా వంకరపోతాయి అన్నారు. మద్రాసులో రైలు స్టేషను ఎదుట ఉన్న పెద్దాసుపత్రిలో వేళ్ళు విడదీసి, తొడమీది చర్మం తీసి వేసి కుడతారట. ఆసుపత్రిలో ఉంచుకునేది కొద్దిరోజులే. ఆ తర్వాత నెల రోజులపాటు ప్రతిరోజూ తీసుకుపోయి కట్టు మార్పించాలి. "బస మాత్రం దగ్గర్లో చూసుకోండమ్మా. దూరాన దిగి దుమ్ములో, జనంలో పిల్లను తిప్పారంటే చీము పడుతుంది. చేసిందంతా వృథా అవుతుంది" అని రెండుసార్లు చెప్పారు. క్రిస్మసు పండుగ కాగానే రమ్మని చీటీ కూడా రాసిచ్చారు.

అంచేత పట్నంలో ఏ పేటలో దిగమంటారు అని మిమ్మల్ని అడగాలి. అయినా అడగడం ఎందుకు? తిరువల్లిక్కేణిలో మీ గది ఉండనే ఉంది. అక్కడినుంచి ఆసుపత్రికి నడిచి పోవచ్చని మీరే ఒకసారి రాశారు. ఏడాదిన్నర నుంచి ఆ గది ఎలా ఉంటుందో ఊహించుకోవడమే కానీ చూసింది లేదు. మీరు అన్నం ఎక్కడ వండుకుంటారో, చొక్కాలు ఎక్కడ ఆరేసుకుంటారో చూడాలని నాకూ ఉంది. స్టేషనునుంచి వచ్చే దారి, ఇంటి గుర్తులు రాయండి.

ఇంకొక్క మాట. ఈమధ్య మీ ఉత్తరాల కింద "బాబూరావు" అని సంతకం కనిపిస్తోంది. బాప్తిస్మం పేరు ఏలియా, బడి పేరు బాబూరావు అని నాకు తెలుసు లెండి. కానీ పెళ్ళయిన నాటినుంచి నాకు ఏలియాగానే రాశారు. ఇప్పుడు బడి పేరుతో రాస్తున్నారు, నేనేమన్నా మీ హెడ్మాస్టర్నా?

మార్తమ్మ ముద్దులు. జవాబు కోసం చూస్తూ ఉంటాను.

మీ
కృపామణి


మద్రాసు,
15-10-46

చి.ల.సౌ. కృపామణికి,

ఉభయకుశలోపరి. నీ ఉత్తరం చూసి, మార్తమ్మ చెయ్యి బాగవుతుందన్న మాట దగ్గర ఆగిపోయి, చాలాసేపు తర్వాత గాని మిగతాది చదవలేకపోయాను. ఆ చిన్న గుప్పిట నాకు నిద్రలో కూడా కనిపిస్తుంది. తప్పకుండా తీసుకురా. మా కాగితాల కొట్టు యజమానితో సెలవు సంగతి మాట్లాడాను. కాగితాల లెక్క ఆలస్యం కాకపోతే చాలు, ఆయనకు ఇంకేమీ పట్టదు.

బస విషయం. నా గది నువ్వనుకున్నట్టు ఉండదు మణీ. మేడ మీద చిన్న గది. మెట్లు నిటారుగా ఉంటాయి. కింద వాళ్ళ పొయ్యి పొగంతా పైకే వస్తుంది. పిల్లకు మంచిది కాదు. నేను పెరంబూరులో ఒక బస చూశాను. రైల్వే పనివాళ్ళు ఉండే చోటు, గాలి బాగా వస్తుంది, పెరట్లో బావి ఉంది. స్టేషనులో మీరు దిగగానే నేనే వచ్చి నేరుగా అక్కడికి తీసుకుపోతాను. నువ్వు పట్నంలో ఎవరినీ దారి అడగనక్కరలేదు.

ఇకనుంచి ఉత్తరాలు గది చిరునామాకు కాక కొట్టు చిరునామాకే రాయి. గదికి వచ్చినవి పోస్టువాడు కింద మెట్టు మీద పడేసి పోతున్నాడు. మరొకటి, చిన్న విషయమే. కార్డు నెత్తిన సిలువ గుర్తు వెయ్యకపోయినా ఫరవాలేదు. దేవుడికి తెలియదా? కవర్లో అయితే నీ ఇష్టం.

సంతకం గురించి తిట్టావు. కొట్టులో రోజంతా అదే పేరు రాసి రాసి చేతికి అలవాటైపోయింది. అంతకు మించి ఏమీ లేదు.

మార్తమ్మకు ముద్దులు.

బాబూరావు


✝
గురజాల,
అక్టోబరు 24

ప్రభువునందు ప్రియమైన మీకు, వందనములు.

"చి.ల.సౌ." అట! ఆ మూడక్షరాలు చూసి, ఇది ఎవరిదో ఉత్తరం తప్పి మా ఇంటికొచ్చిందనుకుని కవరు తిప్పి చూశాను. మన ఇళ్ళలో అలా రాయడం నేను ఎరగను. మా నాన్న రాయలేదు, మీ నాన్న రాయలేదు, మీరూ ఇదివరకు రాయలేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు?

బట్టల కొట్టు వెంకటప్పయ్యగారు సరుకు కోసం ఏటా మద్రాసు పోయొస్తారు కదా, ఆయన్ను అడిగాను. ఆయన నేలమీద వేలితో గీసి చూపించారు. ఆసుపత్రి ఇక్కడ, తిరువల్లిక్కేణి ఇక్కడ, పెరంబూరు అదుగో, అంత దూరాన. "చేతికి కట్టున్న పిల్లని రోజూ అంత దూరం ఎట్టా తిప్పుతావమ్మా? దగ్గర్లో గది పెట్టుకుని మీ ఆయన పెరంబూరు ఎందుకన్నాడో నాకర్థం కాలా" అన్నారు. నాకూ అర్థం కాలేదు. డాక్టరమ్మగారి మాట మీకు అక్షరం పొల్లు పోకుండా రాశాను. అయినా మీరు బావి గురించి రాశారు.

మెట్లు నిటారుగా ఉంటే పిల్లను ఎత్తుకుని ఎక్కుతాను. పొగ అంటారా, మేము పుట్టింది పొగలోనే. గది ఇరుకైతే చాప వేసుకుని ముగ్గురం పడుకుంటాం. ఇవి అభ్యంతరాలు కావు. అభ్యంతరం వేరే ఏదో ఉంది, దాని చుట్టూ మీరు ఇవన్నీ పేరుస్తున్నారు.

సిలువ గుర్తు నేను తియ్యను. మా అమ్మ వేలు పట్టి నేర్పింది. మీ కొట్టు వాళ్ళకు చూడటం కష్టంగా ఉంటే కళ్ళు మూసుకోమనండి.

జాన్‌బీ అక్క కొడుకు, మన ఊరి ఫరీదు, మిరపకాయల బేరానికి వచ్చేవారం మద్రాసు వస్తున్నాడు. అతనితో ఎండు మాంసం తునకలు పంపుతున్నాను. మీరు వెళ్ళిన దగ్గర్నుంచి మీ నోటికి అవి తగిలి ఉండవు. ఉప్పూ కారం పట్టించి నాలుగు ఎండలు ఎండబెట్టాను. ఇంటికే తెచ్చి ఇమ్మన్నాను, గది ఎలా ఉందో కూడా చూసి రమ్మన్నాను. దాచడం నాకు చేతకాదు కనక చెబుతున్నాను.

మీ
కృపామణి


(కార్డు)

మద్రాసు,
29-10-46

కృపామణికి,

ఫరీదును గదికి పంపవద్దు. కొట్టుకు పంపు. తునకలు అసలు వద్దు, ఇక్కడ ఈ గాలికి బూజు పడతాయి. అతను ఇంకా బయలుదేరకపోతే ఈ మాట తప్పక చెప్పు. పెరంబూరు వద్దంటే వేపేరిలో చూస్తున్నాను. అది ఆసుపత్రికి దగ్గరే. అన్నీ వివరంగా తర్వాత రాస్తాను. ఫరీదు సంగతి మరవకు.

బాబూరావు


✝
గురజాల,
నవంబరు 9

ఏలియాకు,

మీ కార్డు వచ్చేసరికి ఫరీదు బండెక్కేశాడు. నిన్న తిరిగొచ్చాడు. తునకల మూట విప్పకుండానే తెచ్చి నా అరుగు మీద పెట్టాడు. మంచినీళ్ళు తాగాడు, మిరపకాయల ధర చెప్పాడు, వాళ్ళ అమ్మ దగ్గు గురించి చెప్పాడు. నేను వదల్లేదు. అప్పుడు చెప్పాడు. అతని మాటలే రాస్తున్నాను, నావి కలపడం లేదు.

"పిన్నమ్మా, ఇల్లు దొరక్క ముందు కొట్టు కాడికి పోయినా, అది మూసుంది. పక్కనోడు ఇల్లు చెప్పాడు, పోయినా. తలుపు కొడితే ఒకామె తీసింది. చానా పెద్దింటామె లాగుంది, మొహానికి పసుపు, ఇంత బొట్టు. బాబూరావు బాబాయి ఉండాడా అన్నా. 'నాయుడుగారా? మా పాపను తీసుకుని గుడికి వెళ్ళారు' అంది. ఇల్లు తప్పొచ్చాననుకుని ఎనక్కి తిరిగా. తిరిగితే ఎదురుగా బాబాయే వస్తుండాడు. నుదుటన కుంకం. ఒక పిల్ల ఆయన వేలు పట్టుకుని దూకుతా వస్తుంది. నన్ను చూసి ఆగిపోయాడు. నేను నవ్వా. ఆయన ఆమె వంక చూసి, తర్వాత నా వంక చూసి, 'ఎవరయ్యా నువ్వు, ఏం కావాలి?' అన్నాడు. ఏందీ, నేనే పొరబడ్డానేమో అన్నంత నిజంగా అడిగాడు పిన్నమ్మా. ఏం లేదండీ అని వచ్చేశా."

ఫరీదు నీ భుజాల మీద ఎక్కి మొహర్రం చూసిన పిల్లాడు. వాడి పెళ్ళికి పందిరి గుంజలు నువ్వే నరికిచ్చావు. వాడు ఎవరో నీకు తెలియదు!

ఇన్నాళ్ళూ మీరు అని రాశాను. ఇవాళ చెయ్యి రావడం లేదు. ఆమె ఎవరు? ఆ పిల్ల ఎవరు? ఆ పిల్ల ఏ చేత్తో నీ వేలు పట్టుకుంది? రెండు చేతులూ బాగానే ఉన్నాయా దానికి? ఆమె కోసం దేవుణ్ణి వదిలావు, పేరు వదిలావు, చివరికి నాయుడుగారివి కూడా అయ్యావు. కులం మార్చుకుంటే గాని ఆ ఇంట్లో పెళ్ళి కాదన్నారా?

పెరంబూరు, వేపేరి అని నువ్వు వెతుకుతున్నది మాకు బస కాదు. మమ్మల్ని దాచే చోటు. అది నాకు అర్థమైంది. మార్తమ్మ ఇంకా ఏమీ ఎరగదు. నాయన గదిలో కిటికీ ఉంటుందా, అందులోంచి సముద్రం కనిపిస్తుందా అని పొద్దున కూడా అడిగింది. నిజం రాయి. ఇంకొక పేట పేరు మాత్రం రాయకు.

కృపామణి


మద్రాసు,
1946 నవంబరు 16

మణీ,

నువ్వనుకున్నది కాదు. అంతకంటే మంచిదేమో, అంతకంటే చెడ్డదేమో నువ్వే చెప్పాలి.

ఆమె ఇంటివాళ్ళ అమ్మాయి. ఇంటాయన అమరేశ్వరరావుగారు, పింఛను తీసుకుంటున్న పెద్దమనిషి, మన గుంటూరు జిల్లా వారే. కూతురి భర్తకు ఢిల్లీలో ఉద్యోగం. ఆమె బిడ్డతో పుట్టింట్లో ఉంటోంది. ఆమె నాతో మాట్లాడేది గుమ్మంలో నిలబడి రెండు మాటలు. పిల్ల పేరు చిట్టి. మార్తమ్మ ఈడుది. నేను కొట్టునుంచి రాగానే మెట్ల దగ్గర నిలబడి వేలు పట్టుకుంటుంది. పట్టుకోనిస్తాను. ఆ వేలు ఎవరిదనుకుని పట్టుకోనిస్తానో నీకు చెప్పనక్కరలేదు.

పట్నం వచ్చిన కొత్తలో గది కోసం తిరిగిన సంగతి నీకు సరిగా రాయలేదు. తలుపు తీసినవాళ్ళు ముందు నవ్వుతారు. ఊరు అడుగుతారు, ఉద్యోగం అడుగుతారు. ఆ తర్వాత "తమరేవిట్లు?" అని కులం అడుగుతారు. చెప్పగానే, ఆ గది నిన్ననే ఎవరికో ఇచ్చామని గుర్తొస్తుంది. వేపేరిలో మనవాళ్ళ ఇళ్ళు ఉన్నాయి కదా అంటావు. అక్కడికే ముందు పోయాను. గోడమీద ప్రభువు పటం ఉన్న ఇల్లు. ఆ పెద్దాయన కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. "క్రైస్తవులేలే, అది సరే. అంతకుముందు మీవాళ్ళు ఎవరు?" అన్నాడు. చెప్పాను. నేను కుర్చీలోంచి లేచేదాకా ఆయన మరొక మాట మాట్లాడలేదు.

అప్పుడు ఈ ఇంటికి వచ్చాను. అమరేశ్వరరావుగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. పేరు బాబూరావు, తండ్రి పేరు వీరయ్య, ఊరు గురజాల అన్నాను. అన్నీ నిజాలే. "పల్నాడా! అయితే నాయుడుగారన్నమాట. కులాలన్నిటినీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించిన సీమయ్యా మీది" అని ఎంతో సంతోషించారు. నేను కాదనలేదు. అంతే నేను చేసింది. అబద్ధం ఆడలేదు, కాదనలేదు. ఆ పూటే పెట్టె దించుకున్నాను.

తర్వాత తెలిసింది, కాదనకపోవడం ఒక్కసారితో అయిపోయేది కాదని. ఆదివారం ప్రార్థనకు పోతే ఎక్కడికని అడుగుతారు. అన్నం ముందు కళ్ళు మూసుకుంటే చిట్టి చూస్తుంది. పండక్కి ప్రసాదం పెడితే వద్దనలేను. నువ్వు రాసిన ఒక కార్డు సిలువ గుర్తుతో నేరుగా ఇంటికొచ్చింది. వచ్చి చూస్తే మెట్టు మీద బోర్లా పడి ఉంది. ఎవరి కంటా పడలేదు కదా అని దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆ దండం కూడా మనసులోనే. వచ్చేపోయే వాళ్ళందరికీ ఇంటాయన చాపకూడు కథ చెప్పి నన్ను చూపిస్తుంటారు. నేను నవ్వుతుంటాను. ఆ నవ్వు చూస్తే నీకు అసహ్యం వేసేది.

ఫరీదు వచ్చినప్పుడు అతని చేతిలో మూట చూశాను. ఉప్పూ కారం వాసన నాకు అంత దూరానికే తెలిసింది. నోట్లో నీళ్ళూరాయి మణీ. అదే నోటితో ఎవరు నువ్వన్నాను. ఆ రాత్రినుంచి అన్నం సయించడం లేదు.

ఇప్పుడు నాకు తోచింది ఒక్కటే, అది చెబుతాను, కోప్పడకుండా విను. పెరంబూరు దూరం, నువ్వన్నది నిజం. వేపేరి సంగతి చెప్పాను. పిల్ల చెయ్యి బాగుపడాలంటే ఈ గదే దగ్గర. కనక ఇక్కడికే రండి. కాని, ఒక్క నెల, నువ్వు బొట్టు పెట్టుకో. ప్రార్థన మనసులో చేసుకుందాం. అన్నం ముందు కళ్ళు మూసుకోవద్దని పిల్లకు నేర్పు. దాన్ని మాలతి అని పిలుద్దాం, మార్తకు దగ్గరగానే ఉంటుంది. నెల కాగానే మీ ఊరు మీరు పోతారు. చేతి కోసం ఇంతమాత్రం చెయ్యలేమా?

నువ్వు ఎలా చెబితే అలా.

బాబూరావు


✝
గురజాల,
నవంబరు 27

ప్రభువునందు ప్రియమైన మీకు, వందనములు.

చదివి ముందు ఊపిరి పీల్చుకున్నాను. ఇంకో ఆడది లేదన్న మాట చాలు, ఆ పూట అన్నం తిన్నాను. రెండోసారి చదివాక ఏడ్చాను. కుర్చీలోంచి లేచినప్పుడు మీ మొహం ఎలా ఉండి ఉంటుందో నాకు కనిపించింది. ఆ సంగతి అప్పుడే రాసి ఉంటే నేను పక్కన లేకపోయినా మీ పక్కన ఉండేదాన్ని.

చేతి కోసం ఇంతమాత్రం చెయ్యలేమా అన్నారు. చెయ్యగలను. దాని చెయ్యి కోసం బొట్టు పెట్టుకోవడం ఏమిటి, గుండు గీయించుకోమన్నా గీయించుకుంటాను. నిన్న తలుపు వేసుకుని అద్దం ముందు కుంకుమ పెట్టుకుని చూసుకున్నాను కూడా. బాగానే ఉంది. ఇంకొకామె లాగా ఉంది. నా సంగతి తేలిపోయింది, ఇక పిల్లను అడగాలి కదా.

"ఏమే, పట్నంలో నిన్ను మాలతీ అని పిలిస్తే పలుకుతావా?" అన్నాను.

"ఎందుకంట?"

"అట్టా అయితేనే నాయన గదిలో ఉండనిస్తారంట."

అది ఆ గుప్పిటతో గడ్డం గోక్కుంటూ ఆలోచించింది. తర్వాత అడిగింది: "మరి కట్టు ఊడదీసేటప్పుడు నొప్పి పెడితే నాయనా అని అరవొచ్చా? ఆయనకి కూడా ఏరే పేరు పెట్టారా?"

పంతులమ్మను, పిల్లలు ఏం అడిగినా చెబుతాను, దీనికి చెప్పలేకపోయాను. అక్కడే నాకు తేలిపోయింది. నేను నెల రోజులు ఓర్చుకుంటాను, మీరు ఏడాదిన్నర ఓర్చుకున్నారు. నొప్పి పుట్టినప్పుడు ముందు ఎవరు వింటున్నారో చూసుకుని అరవమని ఆ పిల్లకు మాత్రం నేర్పలేను. చెయ్యి తెరుచుకోవాలని పోయి నోరు కుట్టించుకుని రాలేం.

కనక బస నేనే చూశాను. జాన్‌బీ అక్క చెల్లెలు హజ్రా బీ కాపురం ఎక్కడో తెలుసా? తిరువల్లిక్కేణిలోనే, పెద్ద మసీదు వెనక సందులో. మీ గదికి నాలుగు వీధుల అవతల. ఫరీదు ఉత్తరం రాయిస్తే ఆమె వెంటనే జవాబిచ్చింది. ముందు గది మాకు వదిలేస్తుందట. ఆమె అడిగింది ఒక్కటే, పిల్ల కారం తింటుందా తినదా అని. మీరు ఏడాదిన్నర తిరిగిన పేటలోనే అలాంటి తలుపు కూడా ఉంది. మీరు దాన్ని తట్టలేదు.

క్రిస్మసు అయిన నాలుగోనాడు బయలుదేరుతున్నాం. తెల్లవారి మద్రాసులో దిగుతాం. ఫరీదు తోడు వస్తున్నాడు, మీరు స్టేషనుకు రానక్కరలేదు. రోజూ పిల్లను ఆసుపత్రికి తీసుకుపోయేటప్పుడు చుట్టు తిరుగుడైనా మీ వీధి మీదుగానే పోతాను. నా నుదుట ఏమీ ఉండదు. మార్తమ్మ మిమ్మల్ని చూస్తే ఊరుకోదు, వీధంతా వినపడేటట్టు పిలుస్తుంది. నేను దాని నోరు మూయను. అప్పుడు మీరు పలకవచ్చు, లేదా ఫరీదును అడిగినట్టే ఎవరు నువ్వని అడగవచ్చు. అడిగితే మాత్రం దానికి ఆ మాట అర్థమవుతుంది. ఏడేళ్ళ పిల్లకు అంతమాత్రం అర్థమవుతుంది.

మీ మీద కోపం పోలేదు. ప్రేమ కూడా పోలేదు. రెండూ ఒకే మూటలో కట్టుకుని వస్తున్నాను.

మీ
కృపామణి


✝
మద్రాసు,
1946 డిసెంబరు 19

ప్రభువునందు మిక్కిలి ప్రియమైన కృపామణికి, ఏలియా వందనములు.

నీ ఉత్తరం వచ్చి ఇన్నాళ్ళయినా జవాబు రాయలేదని నువ్వు ఏమేమి అనుకుంటున్నావో నాకు తెలుసు. పలకడానికి ధైర్యం చాలడం లేదనుకుని ఉంటావు. మొదటి వారం అదే నిజం. మీ బండి వచ్చేలోగా కొట్టు పనిమీద వేరే ఊరు పోతే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాను. అదీ చెప్పేస్తున్నాను. ఇక దాచడానికి నా దగ్గర చోటు లేదు.

మొన్న ఆదివారం పొద్దున్నే అరుగు మీద అమరేశ్వరరావుగారు ఒక్కరే ఉన్నప్పుడు పోయి నిలబడ్డాను. "అయ్యా, నేను నాయుణ్ణి కాను. మేము క్రైస్తవులం. మా ఇల్లు గురజాలలో మాలపల్లెలో. మీరు అనుకున్నది కాదని ఆ రోజే చెప్పవలసింది" అన్నాను. ఆయన తిడతారనుకున్నాను, వీధిలో వాళ్ళను పిలుస్తారనుకున్నాను.

ఆయన చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు. "నాకు తెలియదనుకున్నావా?" అన్నారు.

ఆయనే మళ్ళీ అన్నారు:

"నువ్వు వచ్చిన రెండో నెలలోనే మీ ఆవిడ కార్డు వచ్చింది. పైన సిలువ ఉంది. మా అమ్మాయి చూడకుండా నేనే తీసి, బోర్లించి, మెట్టు మీద పెట్టాను. నువ్వు చెప్పనంత కాలం నేను విననట్టే కదా! వీధికి జవాబు చెప్పుకోగలిగేవాణ్ణి. ఇప్పుడు నోటితో చెప్పేశావు. నేనేం చెయ్యను? ఎందుకు చెప్పావయ్యా?"

నిజంగా బాధపడే అడిగారు. ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకోవాలో జాలి పడాలో ఇంకా నాకు తెలియడం లేదు. ఏడాదిన్నర నేను ఆయన్ను మోసగిస్తున్నానని బెదిరి చచ్చాను మణీ. చూడబోతే ఒకే తలుపును లోపలినుంచి నేనూ, బయటినుంచి ఆయనా కలిసి మూసి పట్టుకున్నాం. చాపకూడు కథ నా ముందు అన్నిసార్లు ఎందుకు చెప్పేవారో ఇప్పుడు ఆలోచిస్తున్నాను. నన్ను ఎగతాళి చేశారా, తనను తాను మెచ్చుకున్నారా, లేక చెప్పకురా నాయనా ఇలాగే సాగనీ అని బతిమాలారా, తేల్చుకోలేకపోయాను.

సాయంత్రానికి ఖాళీ చెయ్యమన్నారు. పెట్టె, చాప తీసుకుని మెట్లు దిగాను. చిట్టి అలవాటుగా వేలు పట్టుకోబోతే వాళ్ళమ్మ రెక్క పట్టి లోపలికి లాక్కుంది. నేను గుమ్మం దాటకముందే వెనక మెట్ల మీద నీళ్ళు పోస్తున్న చప్పుడు వినపడింది. వెనక్కి తిరిగి చూడలేదు. నేను చూస్తే ఆయన సిగ్గుపడేవారేమో అనిపించింది. అది కూడా పాత అలవాటే, మానుకోవాలి.

నేరుగా మసీదు వెనక సందుకు నడిచాను. హజ్రా బీ ఇల్లు అడిగి తలుపు తట్టాను. లోపలినుంచి "ఎవరూ?" అంది. నా పేర్లు రెండూ నాలుక మీదికి వచ్చాయి. రెండూ చెప్పలేదు.

"గురజాల మార్తమ్మ నాయన్ని" అన్నాను.

"అట్టా చెప్పు మరి, రా లోపలికి" అంది.

నాలుగు రోజులుగా ఇక్కడే, మీ కోసం వదిలిన ముందుగదిలోనే పడుకుంటున్నాను. కిటికీ ఉంది. సముద్రం కనిపించదు, కానీ గాలి అటునుంచే వస్తుందని పిల్లకు చెప్పు. ఆసుపత్రికి పోయే దారి రెండుసార్లు నడిచి చూశాను, నీడ ఉన్న వైపు ఏదో గుర్తు పెట్టుకున్నాను. నువ్వు రావద్దన్నా స్టేషనుకు వస్తాను. ముందు ఫరీదు కాళ్ళు పట్టుకుంటాను, అతను ఒప్పుకోకపోయినా. అతనితో నువ్వేమీ చెప్పకు, నేనే చెప్పుకోవాలి.

ఆ తునకలు ఇంకా ఉంటే తీసుకురా. పొయ్యి మీద వేసినప్పుడు వీధంతా వాసన వస్తుందే అన్నాను హజ్రా బీతో. వస్తే వచ్చిందిలే, ఆకలైనోళ్ళు నలుగురొస్తారు అంది.

మార్తమ్మకు ఈ ముక్క చదివి వినిపించు. కట్టు ఊడదీసేటప్పుడు పక్కనే ఉంటాను. నొప్పి పెడితే నాయనా అనే పిలవమను, ఎంత గట్టిగానైనా సరే.

నీ
ఏలియా